పండగ సీజన్ గిరాకీకి సరుకు సమయానికి చేర్చడం ఎలా: ఆఖరి తేదీ నుంచి వెనక్కి లెక్కేసే పద్ధతి

మామూలు రోజుల్లో స్టాకు నాలుగు రోజులు ఆలస్యమైతే నాలుగు రోజుల అమ్మకం పోతుంది, ఐదో రోజు నుంచి వ్యాపారం మళ్లీ గాడిలో పడుతుంది. పండగ సరుకు అలా కాదు. పండగ మర్నాడు గోదాముకు చేరినది ఎంత మంచి సరుకైనా మిగులు సరుకే. మళ్లీ ఏడాది దాకా దాన్ని మోయాలి, లేదా ధర తగ్గించి వదిలించుకోవాలి.

అయినా సీజన్ ముందు జరిగే చర్చల్లో ఎక్కువ సమయం "ఎంత అమ్ముడవుతుంది?" అన్న ప్రశ్నకే పోతుంది. అది అడగాల్సిన ప్రశ్నే. కానీ "ఏ రోజుకు చేరుతుంది? ఆ తేదీని ఎంతవరకు నమ్మొచ్చు?" అన్నదానిలో తేడా వస్తే పడే దెబ్బ ఇంకా పెద్దది. అది ఎంత పెద్దదో మూడో మెట్టులో అంకెలతో చూపించాం. అందుకే ఇందులో తేదీలకూ, సరుకు ఇరుక్కునే ఇరుకు చోట్లకూ ఎక్కువ జాగా ఇచ్చాం.

మొదటి మెట్టు: క్యాలెండరును వెనక నుంచి రాయండి

పండగ రోజును సున్నా అనుకోండి. అక్కడి నుంచి ఒక్కో పనికి పట్టే రోజులు వెనక్కి కలుపుకుంటూ పోవాలి. ఓడలో వచ్చే సరుకుకు ఒక నమూనా లెక్క ఇది.

అమ్మకాలు జోరందుకునేలోపు సరుకు ర్యాకుల్లో ఉండాలి కాబట్టి పండగకు 21 రోజుల ముందు. గోదాములో దించి, లెక్కపెట్టి, సిస్టమ్‌లోకి ఎక్కించడానికి 4 రోజులు. కస్టమ్స్, రేవు నుంచి గోదాము దాకా రవాణాకు 5. సముద్ర ప్రయాణం 30. ఫ్యాక్టరీ నుంచి రేవుకు చేర్చి ఓడకెక్కించడానికి 7. తయారీ 30. ముడిసరుకు, ప్యాకింగ్ సామగ్రి సమకూర్చుకోవడానికి 20. మొత్తం 117 రోజులు. దీనికి కనీసం 14 రోజుల వెసులుబాటు కలిపితే 131, అంటే దాదాపు 19 వారాలు. ఆర్డరు మీద సంతకం పడాల్సిన తేదీ అదే.

ఆ 14 రోజులనూ ఒక్కో దశకు రెండేసి చొప్పున పంచేయకండి. పంచితే ప్రతి దశవాళ్లూ తమ రెండు రోజులు వాడేసుకుంటారు, చివరికి ఏమీ మిగలదు. మొత్తం ఒకేచోట, సరుకు గోదాముకు చేరే తేదీ ముందు ఉంచండి. ఏ దశలో ఆలస్యమైనా అందులోంచి తీయండి, ఎంత తీశారో వారం వారం రాసిపెట్టండి. సగం సమయం గడవకముందే సగానికి మించి కరిగిపోయిందంటే కొంత సరుకును విమానంలో తెప్పించే ఆలోచన ఆ వారమే మొదలుపెట్టాలి. రేట్లు మండిపోయాక మొదలుపెట్టి లాభం లేదు.

చాంద్రమానం ప్రకారం వచ్చే పండగల తేదీలు ఏటా మారతాయి. పోయిన ఏడాది లెక్కలతో పోల్చేటప్పుడు అదే తేదీతో కాకుండా "పండగకు 10 రోజుల ముందు", "పండగకు 3 రోజుల ముందు" అని పోల్చండి. పండగ వారంలో ఏ రోజున పడిందన్నది కూడా చూడాలి. సోమవారం వచ్చే పండగకు ముందు శని, ఆదివారాలు అమ్మకానికి దొరుకుతాయి, కానీ ఆ రెండు రోజులూ చాలాచోట్ల డెలివరీ తక్కువగా జరుగుతుంది.

రెండో మెట్టు: పాత లెక్కలను కడిగి వాడండి

నిరుటి అమ్మకాల పట్టిక నిరుటి గిరాకీని చూపించదు, నిరుడు మన దగ్గర ఉన్న స్టాకులో ఎంత అమ్ముడైందో చూపిస్తుంది, అంతే. రద్దీ వారంలో ఒక రకం 1,400 పీసులు పోయిందనుకోండి. స్టాకు రికార్డు తీసి చూస్తే అది ఐదో రోజు రాత్రికే అయిపోయి ఉంది. రోజుకు 280 లెక్కన ఏడు రోజులకు గిరాకీ కనీసం 1,960. ఆఖరి రెండు రోజుల జోరు ఎప్పుడూ ఎక్కువే కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే ఉండి ఉంటుంది. 1,400కు పది శాతం కలిపి ఆర్డరు పెడితే ఈసారీ మధ్యలోనే ఖాళీ అవుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆ రకం దొరక్క కొందరు పక్క రకం కొని ఉంటారు, దాని అమ్మకాలు అసలు కన్నా ఎక్కువ కనిపిస్తాయి. మొదటిదానికి కలిపినప్పుడు రెండోదాంట్లోంచి కొంత తీసేయాలి. ఒక్క సంస్థ ఒకేసారి కొన్న పెద్ద ఆర్డర్లను పక్కన పెట్టండి. డిస్కౌంటు ఇచ్చిన రోజుల్ని విడిగా చూడండి. డిస్కౌంటు తెచ్చిన అమ్మకంలో చాలా భాగం తర్వాతి రోజుల్లో జరగాల్సిన అమ్మకమే ముందుకు జరిగినది. ఆ రోజులు చూసి మొత్తం పెంచేస్తే సరుకు మిగిలిపోతుంది.

చివరికి ఒక్క అంకె తేల్చి అందరికీ పంచకండి. తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు అంకెలు ఇచ్చి, ఒక్కోదానికి ఏ నిర్ణయం ముడిపడి ఉందో పక్కనే రాయండి. తక్కువ అంకెకు సరుకు ఖాయంగా కొనండి. మధ్య అంకెకు మనుషుల్ని, లారీల్ని మాట్లాడండి. ఎక్కువ అంకెకు అట్టపెట్టెలు, టేపు, గోదాములో ఖాళీ జాగా సిద్ధంగా ఉంచండి. ఇవి చవక, మిగిలినా పాడుకావు.

మూడో మెట్టు: ఎంత ఆర్డరు పెట్టాలి

ఏడాది పొడవునా అమ్ముడయ్యే సరుకుకూ, పండగ దాటితే విలువ పోయే సరుకుకూ లెక్క వేరు.

ఏడాదంతా కదిలే సరుకుకు సేఫ్టీ స్టాకు (గిరాకీ పెరిగినా, రాక ఆలస్యమైనా ఆదుకునే అదనపు సరుకు) లెక్క వాడండి. కావలసినవి నాలుగు అంకెలు: రోజువారీ సగటు అమ్మకం, దాని హెచ్చుతగ్గు, ఆర్డరు పెట్టాక సరుకు చేరడానికి పట్టే సగటు రోజులు, ఆ రోజుల హెచ్చుతగ్గు. హెచ్చుతగ్గులు అంటే స్టాండర్డ్ డీవియేషన్. స్ప్రెడ్‌షీట్ క్షణంలో తీసిస్తుంది.

సగటు అమ్మకం రోజుకు 200, హెచ్చుతగ్గు 60. సరుకు చేరడానికి 16 రోజులు, హెచ్చుతగ్గు 4 రోజులు అనుకుందాం.

16 × 60 × 60 = 57,600.
200 × 200 × 4 × 4 = 6,40,000.
రెండూ కలిపితే 6,97,600. వర్గమూలం 835. నూటికి 95 సార్లు సరుకు అందుబాటులో ఉండాలంటే 1.65తో గుణించాలి: సుమారు 1,378 పీసులు.

పై రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది గిరాకీ అంచనాలో తప్పు, రెండోది రాకలో అనిశ్చితి. రెండోది మొదటిదానికి పదకొండు రెట్లు. ఎంతో కష్టపడి అంచనా తప్పును సగానికి, అంటే 30కి తగ్గించారనుకోండి. సేఫ్టీ స్టాకు 1,335కు దిగుతుంది, మిగిలేది 43 పీసులు. అంచనాను ముట్టుకోకుండా రాకలో హెచ్చుతగ్గును 4 నుంచి 2 రోజులకు తగ్గిస్తే 770 చాలు. 608 పీసులు కొనే పని తప్పింది. మీ అంకెలు వేరుగా ఉంటాయి, కానీ దూరం నుంచి సరుకు వచ్చే ప్రతిచోటా దాదాపు ఇదే బొమ్మ కనిపిస్తుంది. రద్దీ కాలానికి ఈ లెక్క వేసేటప్పుడు మామూలు నెలల అంకెలు వాడకండి. ఆ కాలంలో రేవులూ రోడ్లూ కిక్కిరిసి ఉంటాయి కాబట్టి రాకలో హెచ్చుతగ్గు కూడా పెరుగుతుంది.

పండగ దాటితే పనికిరాని సరుకుకు వేరే ప్రశ్న వేసుకోవాలి: ఒకటి తక్కువైతే ఎంత పోతుంది, ఒకటి ఎక్కువైతే ఎంత పోతుంది? అమ్మితే ధరలో 40 శాతం లాభం, మిగిలితే 20 శాతం నష్టం అయితే 40 ÷ (40 + 20) = 0.67. గిరాకీ మొత్తం తీరే అవకాశం 67 శాతం ఉండేంత సరుకు తెప్పించాలని దీని అర్థం. అంచనా 5,000, హెచ్చుతగ్గు 1,200 అయితే ఆర్డరు సుమారు 5,500. అదే లాభం 20, నష్టం 40 అయితే లెక్క తిరగబడి సుమారు 4,500 అవుతుంది. గిరాకీ ఒకటే, ఆర్డరులో తేడా వెయ్యి. "అన్ని రకాలకూ 15 శాతం ఎక్కువ తెప్పిద్దాం" అనే పద్ధతిలో నష్టం ఎక్కడుందో ఇక్కడ తెలుస్తుంది.

నాలుగో మెట్టు: సప్లయరుతో ముందే తేల్చుకోవాల్సినవి

"తేదీకి ఇచ్చేస్తారా?" అని అడిగితే ఎవరైనా ఇస్తామనే అంటారు. వారానికి ఎన్ని పీసులు తీయగలరు, అందులో మన వాటా ఎంత, ముఖ్యమైన విడిభాగం వారికి ఎవరి నుంచి వస్తుంది, ఆ కాలంలో ఫ్యాక్టరీకి సెలవులు ఎన్ని అని అడగండి. చైనా నుంచి తెప్పించేవారికి చాంద్రమాన నూతన సంవత్సరం పెద్ద గండి. అది జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య పడుతుంది. ఫ్యాక్టరీలు రెండు నుంచి నాలుగు వారాలు మందగిస్తాయి, కార్మికులు కూడా ఒకేసారి తిరిగి రారు. తెరిచాక మొదట వచ్చే లాట్లలో కొత్త చేతుల పని ఎక్కువ, కాబట్టి తనిఖీ గట్టిగా ఉండాలి. అక్టోబరు 1న మొదలయ్యే వారం సెలవులనూ లెక్కలో వేసుకోండి.

ఆర్డరును మూడు ముక్కలు చేయడం మంచిది. దాదాపు 60 శాతం ముందే ఖాయం. 25 శాతానికి ముడిసరుకు మాత్రం కొనిపెట్టించి, రంగు, సైజు తర్వాత చెప్పండి. మిగతా 15 శాతం, సీజన్ మొదటి వారం అమ్మకాలు చూశాక తీసుకునే హక్కు. చివరి ముక్క దగ్గర్లోని సప్లయరు దగ్గర ఉంటేనే పనికొస్తుంది.

సరుకు కొరత అని తెలియగానే కావలసినదానికి రెట్టింపు ఆర్డరు పెట్టే అలవాటు ఒకటి ఉంది. సగమే ఇచ్చినా మన అవసరం తీరుతుందని ఆశ. అందరూ అలాగే చేస్తే సప్లయరుకు లేని గిరాకీ కనిపిస్తుంది, అతను ముడిసరుకు ఇంకా ఎక్కువ తెప్పిస్తాడు, పండగ దాటాక ఆర్డర్లన్నీ రద్దవుతాయి. బుల్‌విప్ ఎఫెక్ట్ అనే ఈ అలజడికి ఇదొక ముఖ్య కారణం. రద్దు చేసిన కొనుగోలుదారును మరుసటి ఏడాది సప్లయరు వరసలో వెనక్కి నెడతాడు. మీ అసలు అంచనాను వారం వారం పంపండి, అంచనా మారితే మారిందని చెప్పండి.

తనిఖీ ఎప్పుడు పెట్టాలన్నదే ఇక్కడ పెద్ద ప్రశ్న. సరుకు 80 శాతం ప్యాక్ అయ్యాక, లోడింగ్‌కు కనీసం వారం ముందు జరగాలి. నమూనా తనిఖీకి వాడే ఐఎస్‌ఓ 2859-1 పట్టిక ప్రకారం 5,000 పీసుల లాటుకు జనరల్ లెవెల్ 2లో (మామూలుగా వాడే తనిఖీ స్థాయి) 200 పీసులు తీసి చూస్తారు. ఏక్యూఎల్ (లోపాలకు ఒప్పుకునే పరిమితి) 2.5 అయితే లోపమున్నవి 10 దాకా ఉన్నా లాటు పాసవుతుంది, 11 కనిపిస్తే వెనక్కి. లోడింగ్ ముందురోజు తనిఖీ పెట్టుకుంటే 11 కనిపించినా బాగుచేసే సమయం ఉండదు. అలాంటి సరుకు ఎక్కించడమా, పండగ పోగొట్టుకోవడమా అన్న చోటికి వస్తారు.

ఐదో మెట్టు: దారిలో

రద్దీ నెలల్లో కంటైనర్ బుకింగ్ నాలుగు నుంచి ఆరు వారాల ముందు చేయండి. బుక్ చేసినా సరుకు తర్వాతి ఓడకు నెట్టేసే అవకాశం ఉంటుంది, దానికి వెసులుబాటులోంచి ఒక వారం పోవచ్చని ముందే అనుకోండి. నింపిన కంటైనర్ బరువును తూచి ధ్రువీకరించి ఇవ్వడం 2016 జూలై 1 నుంచి అంతర్జాతీయ నిబంధన. ఆ కాగితం ఓడవాళ్లు పెట్టిన ఆఖరి గడువుకు (కటాఫ్) అందకపోతే సరుకు రేవులో ఉన్నా ఓడెక్కదు.

40 అడుగుల హైక్యూబ్ కంటైనర్ లోపలి ఘనపరిమాణం సుమారు 76 ఘనపు మీటర్లు. నిజంగా పట్టేది పెట్టెల సైజును బట్టి 65 నుంచి 68. లెక్కలో 76 వేసుకుంటే ఆఖరి పెట్టెలు బయట మిగిలిపోతాయి.

నింపే తీరు మీద ఒక గట్టి సలహా. ఒక రకమంతా ఒకే కంటైనర్‌లో వేయకండి. ముఖ్యమైన రకాలన్నీ అన్ని కంటైనర్లలో కొంచెం కొంచెం ఉండాలి. జతగా అమ్మే వస్తువులు, అంటే పరికరం, దాని ఛార్జరు లాంటివి, ఒకే పెట్టెలో ప్రయాణించాలి. దించేటప్పుడు వేరుచేసే పని పెరుగుతుంది, నిజమే. కానీ ఒక కంటైనర్ తనిఖీలో ఆగిపోతే అప్పుడు ప్రతి రకంలో కొంత ఆగుతుంది. లేకపోతే ఒక రకం పూర్తిగా మాయమవుతుంది.

2021 మార్చి 23న ఎవర్ గివెన్ ఓడ సూయజ్ కాలువకు అడ్డం పడి ఆరు రోజులు కదలలేదు, వందల ఓడలు క్యూ కట్టాయి. ఆ ఏడాది చివర్లో లాస్ ఏంజలెస్, లాంగ్‌బీచ్ రేవుల ముందు పదుల కొద్దీ ఓడలు రోజుల తరబడి లంగరు వేసుకుని నిలబడ్డాయి. 2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో దాడుల వల్ల ఎన్నో ఓడలు ఆఫ్రికా దక్షిణ కొస చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది, ప్రయాణానికి పది రోజులో అంతకన్నా ఎక్కువో కలిసింది. ఇలాంటివి ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు. అందుకే చిన్నవి, విలువైనవి, త్వరగా పోయే రకాల్లో పదో వంతును విమానంలో తెప్పించే ఖర్చు బడ్జెట్‌లో మొదటే చూపించండి. వాడకపోతే మిగులుతుంది.

రేవులో ఉచిత రోజులు దాటితే డెమరేజ్, ఖాళీ కంటైనర్ గడువులోపు తిరిగి అప్పగించకపోతే డిటెన్షన్. రెండూ రోజు రోజుకూ పెరిగే చార్జీలే. ఇవి ఎక్కువగా పడేది గోదాములో దించే చోటు లేక లారీలు వరసగా నిలబడినప్పుడు. అంటే రేవు బిల్లు తగ్గాలన్నా గోదామును సరిచేయాలి.

ఆరో మెట్టు: స్టాకును తొందరపడి పంచేయకండి

అన్ని ఊళ్ల గోదాములకూ మొత్తం సరుకు ముందే పంపేస్తే ఒకచోట కొరత, ఇంకోచోట గుట్ట. మూడో వంతు దాకా కేంద్ర గోదాములో ఆపి, మొదటి వారం అమ్మకాలు చూసి పంపండి. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా గిరాకీ మారే నాలుగు చోట్ల విడివిడిగా ఉంచే సేఫ్టీ స్టాకు, ఒకేచోట ఉంచితే దాదాపు సగానికి సరిపోతుంది. బరువైనవి, పెద్దవి మాత్రం కొనేవారి దగ్గరికే ముందు చేర్చాలి. వాటిని ఆఖర్లో కదిలించడం కష్టం.

ఏడో మెట్టు: గోదాము

ముందు దించే చోటు. రోజుకు 40 లారీలు, ఒక్కోదానికి గంటన్నర, పని 12 గంటలు. 40 × 1.5 ÷ 12 = 5 డాకులు, అంటే లారీని ఆనించి సరుకు దించే చోట్లు. ఐదే పెడితే మధ్యాహ్నానికే వరస పెరుగుతుంది, ఎందుకంటే లారీలు గడియారం చూసుకుని ఒకదాని వెనక ఒకటి రావు. 80 శాతం వాడకం లెక్కన ఏడు కావాలి. కట్టడం కుదరదు కాబట్టి రాత్రి షిఫ్టు పెట్టండి, లారీలకు వేళలు కేటాయించండి, ఏ లారీలో ఏముందో జాబితా ముందురోజే తెప్పించుకోండి. స్టాకు అయిపోయిన రకం ఉన్న లారీని వరస దాటించి ముందు దించాలి. జాబితా లేకపోతే అది ఏ లారీయో తెలియదు.

ఆ 80 శాతం ఎందుకో వివరంగా చెప్పుకోవాలి, సీజన్‌లో జరిగే తప్పుల్లో చాలా వరకు దీన్ని మరిచిపోవడం వల్లే. సాధారణ క్యూ లెక్క ప్రకారం ఒక బల్ల దగ్గర 80 శాతం పని ఉంటే ఒక్కో ఆర్డరు వేచి ఉండే సమయం, ప్యాక్ చేసే సమయానికి సగటున 4 రెట్లు. 90 శాతమైతే 9 రెట్లు. 95 అయితే 19 రెట్లు. పని 15 శాతం పాయింట్లు పెరిగితే నిరీక్షణ దాదాపు ఐదు రెట్లు. "మన కెపాసిటీ 10,000, వచ్చేవి 9,500, సరిపోతుంది" అనేది అందుకే తప్పు లెక్క. ర్యాకుల సంగతీ అంతే. 85 శాతం నిండాక కొత్త సరుకుకు ఖాళీ వెతకడం, అడ్డమైనది జరపడం, మళ్లీ పెట్టడం మొదలై అందరి పనీ నెమ్మదిస్తుంది.

తర్వాత సరుకు ఏరే పని. ఏరేవారి సమయంలో చాలా భాగం నడకకే పోతుంది, కాబట్టి ముందు నడక తగ్గించండి. పండగ రకాలను ప్యాకింగ్ బల్లలకు దగ్గరగా, నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులో పెట్టండి. బాగా పోయే రకాన్ని ఒకే చోట పెడితే పదిమంది ఆ సందులోనే ఇరుక్కుంటారు, అందుకని రెండు మూడు చోట్ల పెట్టండి. ఒకే వస్తువు ఉన్న ఆర్డర్లను విడదీసి, ఆ వస్తువును యాభయ్యో వందో ఒకేసారి తెచ్చి బల్ల మీదే ప్యాక్ చేయించండి.

సీజన్‌లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే లోపం: పై అరలో పది పెట్టెల సరుకు ఉంది, కింద ఏరే బిన్ ఖాళీ. ఏరేవాళ్లు నిలబడి ఉంటారు, సిస్టమ్ మాత్రం స్టాకు ఉందంటుంది. బిన్‌లో కనీసం నాలుగు గంటల అమ్మకానికి సరిపడా ఉండేలా చూడండి. రెండు గంటల సరుకు మిగిలేసరికి నింపే పని మొదలవ్వాలి. రోజుకు ఒక్కసారి రాత్రిపూట నింపే అలవాటు రద్దీలో చాలదు.

మనుషుల లెక్క. రోజుకు 9,000 ఆర్డర్లు, ఒక్కోదాంట్లో సగటున 2.4 వస్తువులు, మొత్తం 21,600 సార్లు ఏరాలి. భోజనం, విరామాలు పోగా షిఫ్టులో చేతికి దొరికేది ఆరున్నర గంటలు. అలవాటైన మనిషి గంటకు 60 అంటే 390. కొత్త మనిషి గంటకు 40 అంటే 260. పాతవారు 30 మంది 11,700 ఏరితే మిగిలేది 9,900. దానికి కొత్తవారు 39 మంది. నూటికి 12 మంది రారనుకుంటే పిలవాల్సింది 45 మందిని. గంటకు 60, 40 అన్నవి నమూనా అంకెలే, మీ గోదాములో కొలిచి వాడండి. కొత్తవారిని రెండు వారాల ముందే తెచ్చి పెట్టె మడవడం, ఒకే వస్తువు ఆర్డర్ల లాంటి తేలిక పని ఇవ్వండి. స్టాకు లెక్క, తేడా వచ్చిన ఆర్డర్లు పాతవారి చేతిలోనే ఉండాలి. విరామాలు కోసేసి వేగం పెంచాలని చూడకండి. అలసిన చేతులు తప్పు వస్తువు పెడతాయి, ఒక్కో తప్పు రిటర్న్‌గా తిరిగొచ్చి రెండింతల పని అవుతుంది. ఫోర్క్‌లిఫ్ట్ తిరిగే దారిలో పెట్టెలు పేర్చడం మాత్రం ఎంత ఒత్తిడిలోనూ ఒప్పుకోకూడదు. అక్కడ పోయేది మనిషి కాలో ప్రాణమో.

సీజన్‌కు రెండు వారాల ముందు ఎక్కువగా పోయే రకాలన్నీ చేత్తో లెక్కపెట్టించండి. సాఫ్ట్‌వేర్‌లో మార్పులూ అప్పటి నుంచి ఆపేయండి.

ఎనిమిదో మెట్టు: అట్టపెట్టె, టేపు

చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ గోదాము ఆగిపోయేది ఇక్కడే. 40 × 30 × 25 సెం.మీ. పెట్టె తీసుకోండి. పైన నడిమి అతుకు 40 సెం.మీ., రెండు పక్కలా ఏడేసి దిగాలి, చేతివాటుకు మరో సెంటీమీటరు: 55. కిందా అంతే. పెట్టెకు 110 సెం.మీ. 50 మీటర్ల రోలుకు 45 పెట్టెలు వస్తాయి. రోజుకు 9,000 పెట్టెలంటే 200 రోల్స్, పది రోజులకు 2,000. టేపు సన్నగా ఉందని రెండు వరసలు వేయడం మొదలుపెడితే అది 4,000 అవుతుంది. లేబుల్ రోల్స్, ప్రింటరు హెడ్లు, స్కానర్ బ్యాటరీలు కూడా ఇలాగే లెక్కేసి తెప్పించండి. ఒక ప్రింటరు చెడితే బదులు ప్రింటరు అదే గదిలో, సెట్టింగులు పూర్తిచేసి సిద్ధంగా ఉండాలి.

పెట్టె సైజు రవాణా బిల్లును కూడా మారుస్తుంది. ఎక్స్‌ప్రెస్ కొరియర్లు చాలా వరకు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి వచ్చిన బరువును అసలు బరువుతో పోల్చి, ఏది ఎక్కువైతే దానికి తీసుకుంటాయి. పై పెట్టె లెక్క 6 కిలోలు. అదే వస్తువు 35 × 25 × 20 పెట్టెలో పడితే 3.5 కిలోలు. లారీలోనూ జాగా మిగులుతుంది. చిన్న పెట్టెలు అయిపోయి అన్నీ పెద్ద పెట్టెల్లో వేసిన రోజున పికప్ లారీ మూడింట రెండు వంతుల ఆర్డర్లకే నిండిపోతుంది. అది చూసి కొరియర్ తక్కువ లారీలు పంపాడనుకుంటారు.

తొమ్మిదో మెట్టు: కొరియర్లు, కొనేవారికి ఇచ్చే మాట

2013లో అమెరికాలో క్రిస్మస్ ముందు చివరి రోజుల ఆన్‌లైన్ ఆర్డర్లు అంచనాలు దాటి వచ్చాయి, వాతావరణమూ తోడైంది, ఎన్నో పార్సెళ్లు పండగ వెళ్లాక చేరాయి. చాలామందికి ఆఖరి నిమిషం దాకా "పండగకు ముందే ఇస్తాం" అన్న హామీ వెళ్లింది.

కొరియర్‌కు మీ రోజువారీ అంచనా ఎనిమిది, నాలుగు, రెండు వారాల ముందు మూడుసార్లు ఇవ్వండి. రోజుకు ఎన్ని పార్సెళ్లు ఖాయంగా తీసుకుంటారో రాతలో తీసుకోండి. రెండో కొరియర్ తప్పనిసరి. అయితే సీజన్ ముందు దాకా ఒక్క పార్సెలూ ఇవ్వని కొరియర్ రద్దీలో అక్కరకు రాదు. లేబుల్ కుదరదు, పికప్ వేళ తెలియదు. మామూలు నెలల్లోనే పది, పదిహేను శాతం వారికి ఇస్తూ ఉండండి.

హామీ తేదీ సగటు మీద వేయకండి. సగటున 3 రోజుల్లో చేరుతున్నా, నూటికి 95 పార్సెళ్లు చేరడానికి 5 రోజులు పడితే చెప్పాల్సింది 5. పిన్‌కోడ్ వారీగా "పండగకు ముందు చేరడానికి ఆఖరి ఆర్డరు తేదీ" పెట్టండి. ఆ తేదీ దాటాక కొనే బటన్ పక్కనే "పండగ తర్వాత చేరుతుంది" అని రాయండి. కొంత అమ్మకం పోతుంది. ఒక పిల్లాడి చేతికి పండగనాడు అందాల్సిన కానుక అందకపోవడం కన్నా అది నయం. అది కొన్న మనిషి ఆ మాట మరిచిపోడు.

పదో మెట్టు: రద్దీ రోజుల్లో

రోజూ ఉదయం ఒకటే సమావేశం, 15 నిమిషాలు, నిలబడి. కొనుగోలు, గోదాము, రవాణా, కస్టమర్ సేవ అందరూ ఉండాలి. చూడాల్సిన అంకెలు నాలుగైదు చాలు: పేరుకున్న ఆర్డర్లు ఎన్ని గంటల పని, లారీ వచ్చాక సరుకు అమ్మకానికి రావడానికి ఎన్ని గంటలు, హామీ తేదీ దాటబోతున్నవి ఎన్ని, కొరియర్ చేతికిచ్చినా తొలి స్కాన్ కానివి ఎన్ని, రెండు రోజుల్లో అయిపోయే రకాలు ఏవి.

పేరుకున్న పని ఎంత మొండిదో చూడండి. రోజుకు 9,000 పంపగలరు, మూడు రోజులు 11,000 చొప్పున వచ్చాయి. 6,000 మిగిలాయి. తర్వాత ఆర్డర్లు 8,000కు తగ్గినా రోజుకు వెయ్యే తరుగుతుంది. మూడు రోజుల పోటు తీరడానికి ఆరు రోజులు. అందుకని గట్లు ముందే కట్టుకోవాలి. పేరుకున్నది అర రోజు పని దాటితే ఓవర్‌టైమ్. ఒక రోజు దాటితే హామీ తేదీ ఒక రోజు పెంచి, ప్రకటనలు ఆపాలి. రెండు రోజులు దాటితే కొన్ని రకాల అమ్మకం ఆపాలి. ఎవరిని అడక్కుండా ఎవరు ఈ నిర్ణయం తీసుకోవచ్చో పేరుతో సహా రాసిపెట్టండి. ఆర్డర్లను వచ్చిన వరసలో కాదు, హామీ తేదీ వరసలో పంపండి.

ఆలస్యమైన ఆర్డరు గురించి కొన్నవారు అడిగేలోపే మీరే చెప్పండి, కొత్త తేదీ ఇవ్వండి. ఆ తేదీ రెండోసారి మారకూడదు.

పదకొండో మెట్టు: పండగ వెళ్లాక

రిటర్న్స్ పెద్ద అల. దించే చోటులో ఒక మూల, ఇద్దరు ముగ్గురు మనుషులు దీనికే ఉండాలి. వచ్చిన రోజే మూడు కుప్పలు చేయండి: నేరుగా అమ్మగలిగేవి, కొత్త పెట్టె వేస్తే అమ్మగలిగేవి, పనికిరానివి. వారం ఆలస్యంగా తెరిస్తే మొదటి కుప్ప కూడా ధర తగ్గాకే అమ్మకానికి వస్తుంది.

మిగిలిన సరుకు ధర మొదటి వారంలోనే తగ్గించండి. పండగ గుర్తులున్న ప్యాకింగు ఒక్కో వారానికి ఇంకాస్త పాతబడుతుంది. వచ్చే ఏడాదికి దాచాలనుకుంటే ఏడాది అద్దె, తేమ, మోడల్ మారే అవకాశం లెక్కేశాకే దాచండి.

రెండు వారాల్లోపు, అందరికీ జ్ఞాపకం ఉండగానే, మూడు విషయాలు పట్టికగా రాయించండి: ఏ రకం ఏ రోజు ఏ గంటకు అయిపోయింది, ప్రతి కంటైనర్ చెప్పిన తేదీకీ వచ్చిన తేదీకీ ఎన్ని రోజుల తేడా, ఏ రోజు ఎంతమందిని పిలిస్తే ఎంతమంది వచ్చారు. మొదటి పట్టికను ప్రతి రకం అమ్మకాల లెక్క ఉన్న ఫైలులోనే పెట్టించండి. వేరే ఫోల్డరులో పెడితే వచ్చే ఏడాది అంచనా వేసేవారికి అది కనిపించదు, మళ్లీ 1,400కు పది శాతం కలుపుతారు.